పాత కారు: ఓనరు దగ్గరా, డీలరు దగ్గరా, సర్టిఫైడ్ షోరూములోనా? మోసం ఎక్కడ ఎలా దాగుతుంది, ఏది మేలు?

పాత కారు కొనేవాళ్లకు మూడు దారులున్నాయి. వాడుకున్న ఓనరు దగ్గరే నేరుగా కొనొచ్చు. రకరకాల కార్లు వరసగా పెట్టి అమ్మే డీలరు దగ్గర కొనొచ్చు. లేదంటే కంపెనీ షోరూమే పాత బండ్లను పరీక్షించి 'సర్టిఫైడ్' అని అమ్మేచోట కొనొచ్చు. మోసం మూడుచోట్లా ఉంటుంది గానీ ఒకే రూపంలో ఉండదు. ఓనరు దగ్గర అది చెప్పకుండా వదిలేసిన రిపేర్లలో ఉంటుంది, డీలరు దగ్గర పైపై మెరుగుల్లో ఉంటుంది. షోరూములో కారు మీద తక్కువ, కాగితాల మీద ఎక్కువ. ఎక్కడ కొంటున్నామన్న దాన్ని బట్టి మనం వెతకాల్సిన చోటు మారుతుంది.

అమ్మేవాడి మాట తీరు చూసి మనిషిని అంచనా కట్టే అలవాటు ముందు మానుకోవాలి. చెయ్యి తిరిగిన మోసగాడు గట్టిగా అరిచి అమ్మడు. మర్యాదగా మాట్లాడతాడు, చిన్న లోపం ఒకటి తనే చూపిస్తాడు. బంపరు మీద గీత చూపించి, మార్చేసిన ముందుభాగం సంగతి దాటవేస్తాడు. అందుకని మాటలు వినడం కంటే ఒక్క ప్రశ్న అడిగి చూడటం నయం: "బండిని నాకు తెలిసిన మెకానిక్‌కి చూపించుకోవచ్చా?" మూడుచోట్లా ఇదే అడగండి. ఒప్పుకుని టైము, కావాలంటే తోడుగా ఒక మనిషి, పూచీ కింద ఏదైనా గుర్తింపు అడిగితే అది న్యాయమే. "మా మెకానిక్ చూసేశాడు", "ఇన్సూరెన్సు ఒప్పుకోదు", "అంత అనుమానం ఉంటే వద్దులెండి" అన్నాడంటే బేరం అక్కడితో ఆపేయండి. ధర ఎంత తగ్గించినా మళ్లీ వెళ్లొద్దు.

ఓనరు దగ్గర కొంటే

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది కారు గురించి కాదు, ఆ మనిషి నిజంగా ఓనరేనా అని. ఓనరు వేషంలో ఉండే దళారులు చాలామంది. ఫోన్ చేసినప్పుడు కారు పేరు చెప్పకుండా "మీరు అమ్ముతానన్న కారు ఉందా?" అని మాత్రమే అడగండి. ఒక్క కారే ఉన్నవాడు వెంటనే జవాబిస్తాడు. "ఏ కారండీ?" అన్నాడంటే అతని చేతిలో చాలా ఉన్నాయి. "మా బావమరిదిది, ఆయన ఊళ్లో లేరు" అన్నా, ఇంటి దగ్గర కాకుండా ఎక్కడో పార్కింగులో కలుద్దామన్నా, కారు పత్రాల్లో పేరు మారి కొన్ని వారాలే అయినా జాగ్రత్తపడాలి. దళారి అయినంత మాత్రాన దొంగ కాదు. ఆ సంగతి దాచాడంటే మాత్రం ఇంకేం దాచాడో మనకు తెలియదు.

నిజమైన ఓనరు దగ్గర దొరికేది, మిగతా రెండుచోట్లా అంత తేలిగ్గా దొరకనిది ఒకటుంది: బండి చరిత్ర. సర్వీసు బిల్లులన్నీ తేదీల వరసలో పెట్టుకుని కిలోమీటర్లు చదవండి. అంకె ఎక్కడైనా వెనక్కి తగ్గిందా? ఏడాదికి పదిహేను వేలు తిరిగిన బండి చివరి రెండేళ్లలో రెండు వేలే తిరిగినట్టు ఉందా? తిరగకుండా నిలబడ్డ బండయితే బ్యాటరీ, టైర్లు, రబ్బరు భాగాలు దెబ్బతిని ఉండాలి. అవన్నీ బాగుండి అంకె మాత్రమే తక్కువగా ఉంటే మీటరును అనుమానించాలి. "ఎందుకు అమ్ముతున్నారు?" అన్న ప్రశ్నను మొదట్లో ఒకసారి, అరగంట తర్వాత ఇంకోలా ఇంకోసారి అడగండి. నిజం చెప్పేవాడి జవాబు మారదు.

డీలరు దగ్గర కొంటే

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. డీలరుకు బండి గతం తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పాల్సిన అవసరం అతనికి కనపడదు. పైగా తక్కువ ఖర్చుతో బండిని కొత్తదానిలా చూపించడం అతనికి రోజూ చేసే పని.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తామని ముందే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. బండి ఎండలో లేకుండానే వేడిగా ఉంటే మీరు వచ్చేలోపు స్టార్ట్ చేశారన్నమాట. చల్లని స్టార్టింగులో బయటపడే లోపాలు వేడెక్కాక కనిపించవు: టైమింగ్ చెయిన్ గలగల, డీజిల్ బండి మొరాయించడం, సైలెన్సర్ నుంచి ఒక్క గుప్పున వచ్చే నీలం పొగ. నీలం అంటే ఇంజన్ ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ కాసేపట్లో ఆగిపోతే అది తేమ. ఆగకుండా వస్తూ తియ్యని వాసన ఉంటే కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లోపలికి పోతోంది, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. ఆయిలు పోసే మూత విప్పి చూడండి. లోపల పాలమీగడలా తెల్లటి జిగురుంటే నీళ్లు, ఆయిలు కలుస్తున్నట్టు. చల్లటి వాతావరణంలో చిన్నచిన్న దూరాలే తిరిగిన బండికీ కొంచెం పట్టొచ్చు కాబట్టి కూలెంటు ట్యాంకులో కూడా ఆయిలు తేలుతోందేమో చూసి నిర్ణయించండి. ఇంజన్ భాగమంతా అద్దంలా కడిగి ఉంటే సంతోషపడొద్దు, లీకులు ఎక్కడున్నాయో తెలియకుండా కడిగి ఉండొచ్చు. అరగంట నడిపాక మళ్లీ బోనెట్ ఎత్తి చూస్తే తడి కనిపిస్తుంది.

తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా డాష్‌బోర్డు చూడండి. చెక్ ఇంజన్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి, ఇంజన్ స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లైటునే తీసేసి ఉండొచ్చు. కారు కంప్యూటరుకు తగిలిస్తే అందులో నమోదైన లోపాలను ఎర్రర్ కోడ్‌లుగా చూపించే ఓబీడీ స్కానర్ చౌకగానే దొరుకుతుంది, ఒకటి వెంట ఉంటే ఇంకా మంచిది. అందులో ఎర్రర్ కోడ్‌లు ఏమీ లేవని చూసి ఊరుకోకండి. 'రెడీనెస్ మానిటర్లు' (కారు తన భాగాలను తానే చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తుంటే కోడ్‌లను ఈమధ్యే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో స్కానర్ చెబుతుంది. అమ్మకానికి పెట్టే ముందు చెరిపేసినవాడు ఇక్కడ దొరికిపోతాడు.

మీటరు వెనక్కి తిప్పడం డిజిటల్ మీటర్లు వచ్చాక కష్టం కాలేదు, తేలికయింది. కానీ కారులో అరుగుదలను ఎవరూ వెనక్కి తిప్పలేరు. బ్రేకు, క్లచ్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద చెయ్యి పట్టేచోటు నునుపు, డ్రైవరు సీటు బయటి అంచు నలుగుడు చూడండి. రబ్బర్లు కొత్తవి, సీటు కవరు కొత్తది, స్టీరింగ్‌కి కొత్త తొడుగు, మీటరు మాత్రం తక్కువ అంటే అవెందుకు మార్చాల్సి వచ్చిందో అడగాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. మీటరు ఇరవై వేలు చూపిస్తుంటే మామూలుగా కంపెనీ టైర్లే ఉండాలి. కారు కంటే రెండు మూడేళ్లు కొత్తవైన టైర్లు నాలుగూ ఉంటే లెక్క కుదరదు. చాలా కార్లలో కిలోమీటర్లు ఏబీఎస్, గేర్‌బాక్స్ కంట్రోలు యూనిట్లలోనూ నమోదవుతాయి. మంచి వర్క్‌షాపులో వాటిని చదివించి మీటరుతో పోల్చుకోవచ్చు.

పెయింటు మందం కొలిచే గేజ్ కూడా ఉపయోగమే. కంపెనీ పెయింటు ఎక్కువగా 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. ఒక్క డోరు మీద మాత్రం 300 దాటితే దానికింద పుట్టీ ఉండే అవకాశం ఎక్కువ. గీత పడితే ఒక డోరుకు పెయింటు వేయించడం తప్పు కాదు. రూఫు, దాన్ని మోసే స్తంభాలు, ముందు చాసిస్ కొనలు వెల్డింగు చేసి ఉంటే మాత్రం వద్దు. గేజ్ లేకపోతే ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు), బోనెట్ బోల్టుల తలల మీద పెయింటు చిట్లిందా, డోరు రబ్బరు అంచున రంగు తుంపర్లున్నాయా చూస్తే సగం తెలిసిపోతుంది.

నీళ్లలో మునిగిన బండి దొరికే చోటు సీటు బెల్టు. చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు భాగంలో బురద మరక ఉంటే ఇంక చూడనక్కర్లేదు. స్టెప్నీ గుంటలో ఇసుక, సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, హెడ్‌లైట్ల లోపల ఆవిరి, ముక్కు పగిలేంత సెంటు వాసన కూడా ఆ కోవలోవే. ఇంజన్ బాగుచేసినా వైరింగు కనెక్టర్లలో తుప్పు నెలల తర్వాత ఒక్కొక్కటిగా బయటపడుతుంది. ఎంత చౌకగా ఇచ్చినా ఆ బండి వద్దు.

చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒకటితో, సున్నాతో కలిసిపోకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. బాడీ మీద కొట్టినది, డోరు స్తంభం మీది స్టిక్కరు, పత్రాల్లోది అన్నీ అక్షరం తేడా లేకుండా కలవాలి.

సర్టిఫైడ్ షోరూములో కొంటే

మునిగిన బండి, మీటరు తిప్పిన బండి ఇక్కడ తగిలే అవకాశం తక్కువ. ఆ నిశ్చింతకు ధర కూడా ఎక్కువే పడుతుంది. ఇక్కడ చూసుకోవాల్సింది అమ్మేవాళ్ల లెక్కలు. నూటికి పైగా అంశాలు పరీక్షించామని బ్రోచరు చూపిస్తారు. మీరు అడగాల్సింది ఈ కారు చాసిస్ నంబరు రాసి, పరీక్షించినవాళ్ల సంతకంతో ఉన్న షీటు. వారంటీ ఇస్తున్నది తయారీ కంపెనీయా, మధ్యలో వేరే సంస్థా? క్లచ్, బ్రేకులు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు చాలా వారంటీల్లో ఉండవు. పాత బండిలో ముందు పోయేవి అవే.

వాళ్లు ఇష్టంగా అడిగే ప్రశ్న "నెలకు ఎంత కట్టగలరు?" దానికి జవాబివ్వకండి. వాయిదా చిన్నది చెయ్యడానికి కాలం పొడిగిస్తే చాలు, ధర గురించిన మాటే రాదు. ఏడు శాతం ఫ్లాట్ వడ్డీ అన్నప్పుడు అయిదేళ్ల అప్పుకు నూటికి ముప్పై అయిదు వడ్డీ పడుతుంది. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి అసలు మీదే లెక్కేస్తారు కాబట్టి నిజంగా పడే రేటు దాదాపు పన్నెండున్నర శాతం. తగ్గే అసలు మీద రేటెంతో కాగితం మీద రాయించుకోండి. మీ పాత కారు మార్చుకుంటుంటే దాని సంగతి చివర్లో ఎత్తండి. ముందే చెబితే దానికి ధర పెంచినట్టు చూపించి కొనేదాని మీద రాబట్టుకుంటారు. కోటింగు, అదనపు వారంటీ, హ్యాండ్లింగు ఖర్చులు ఒక్కొక్కటీ వేరు వరసలో రాయమంటే చాలా వరకు వాటంతట అవే తగ్గుతాయి.

ఎవరికి ఏది

నమ్మకమైన మెకానిక్, రెండు మూడు వారాల ఓపిక ఉంటే బిల్లులన్నీ దాచుకున్న ఓనరు దగ్గర కొనడమే అన్నిటికన్నా మేలు. ఆ డబ్బుకు అంత తెలిసిన బండి ఇంకెక్కడా రాదు. బండి గురించి ఏమీ తెలియదు, తోడు చూసేవాళ్లూ లేరు, రోజూ దూరం వెళ్లాలి అంటే సర్టిఫైడ్‌కి ఎక్కువ పెట్టడం దండగ కాదు, అప్పు మాత్రం బయట విచారించి తెచ్చుకోండి. డీలరును మూడో స్థానంలో పెడతాను. కావలసిన మోడలు మిగతా రెండుచోట్లా దొరకనప్పుడు, పైన చెప్పిన పరీక్షలన్నీ చేయించుకునే వీలున్నప్పుడు మాత్రమే వెళ్లండి.

ఎక్కడ కొన్నా "ఇంకొకరు సాయంత్రం అడ్వాన్సు ఇస్తామన్నారు" అనే మాట వస్తుంది. నిజమే కావొచ్చు. అడ్వాన్సు ఇవ్వక తప్పదనుకుంటే చిన్న మొత్తమే ఇచ్చి రసీదులో నాలుగు సంగతులు రాయించండి: చాసిస్ నంబరు, ఒప్పుకున్న పూర్తి ధర, నోటితో చెప్పిన రిపేర్లన్నీ, మెకానిక్ పరీక్షలో లేదా పత్రాల్లో తేడా వస్తే అడ్వాన్సు పూర్తిగా వాపసు అని. "యాక్సిడెంటు కాలేదు, గ్యారంటీ" అని పదిసార్లు అన్న మనిషిని ఆ ముక్క కూడా అదే రసీదులో రాసి సంతకం పెట్టమనండి. పెన్ను తీసుకోవడానికి వెనకాడితే అడ్వాన్సు ఇవ్వకండి.