సొంత కేబుల్ మోడెమ్: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫరెట్టాలో ఉంటున్నాం, ఇంట్లో ఇంటర్నెట్ కేబుల్ లైన్ మీద వస్తుంది. కంపెనీ అద్దెకిచ్చిన గేట్‌వే (మోడెమ్, వైఫై రౌటర్ కలిసి ఉండే డబ్బా) వెనక్కిచ్చేసి, సొంతంగా డాక్సిస్ 3.1 (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) మోడెమ్ ఒకటి, విడిగా వైఫై రౌటర్ ఒకటి కొనుక్కుని కొన్నేళ్ళయింది. ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో "నెలనెలా అద్దె కడుతున్నాం, సొంతది పెట్టుకుంటామంటే ఒప్పుకుంటారా" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నా. ఒప్పుకోవడం వాళ్ళ దయాదాక్షిణ్యం కాదు, రూల్ ఉంది. 1996 టెలికాం చట్టం ద్వారా వచ్చిన 629వ సెక్షన్ కింద ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) పెట్టిన నిబంధనల ప్రకారం, నెట్‌వర్క్‌కి హాని చెయ్యని, సర్వీసు దొంగిలించని పరికరాన్ని మనం తగిలించుకుంటే కేబుల్ కంపెనీ అడ్డుపడకూడదు.

ముందు డబ్బు సంగతి. అద్దె నెలకి 15 డాలర్ల దరిదాపుల్లో ఉంటే, మంచి 3.1 మోడెమ్ 150 నుంచి 200 డాలర్లు. అంటే ఏడాది దాటేసరికి మోడెమ్ ఖర్చు తిరిగొస్తుంది, రౌటర్ కూడా కలిపితే ఇంకా టైం పడుతుంది. ఆ తర్వాతదంతా మిగులే. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే వాళ్ళకి ఇంకో లాభం, సూట్‌కేసులో పడేసుకుని వెళ్ళి కొత్త ఊళ్ళో కేబుల్ కంపెనీకి మోడెమ్ మాక్ అడ్రస్ (డబ్బా మీద రాసుండే గుర్తింపు నంబరు) చెప్తే చాలు, వాళ్ళ ఆమోదిత జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. కొన్ని కంపెనీలు మోడెమ్‌కి విడిగా అద్దె తీసుకోవు, అక్కడ ఈ లెక్కేమీ కుదరదు.

నాకు డబ్బుకంటే ఎక్కువ ఉపయోగపడింది సిగ్నల్ పేజీ. బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే మోడెమ్ లోపలి లెక్కలు కనిపిస్తాయి: ఏ చానల్‌కి ఎంత పవర్ వస్తోంది, లైన్లోని నాయిస్‌తో (అనవసర సిగ్నల్‌తో) పోలిస్తే అసలు సిగ్నల్ ఎంత ఉంది, సరిదిద్దలేని ఎర్రర్లు ఎన్ని. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే మన వైపు వచ్చే సిగ్నల్ బలం, సున్నాకి అటూ ఇటూ ఏడు డీబీఎంవీ (దాన్ని కొలిచే యూనిట్) లోపు ఉంటే హాయిగా ఉన్నట్టు. ఒక వర్షాకాలం మొత్తం సాయంత్రం ఆఫ్‌షోర్ కాల్స్ మొదలయ్యే వేళకి లైన్ తెగిపోయేది, ఫోన్ చేస్తే "సర్, మీది సొంత మోడెమ్ కదా, ప్రాబ్లం అందులోనే" అని ఒకటే పాట. సొంత పరికరం పెట్టుకున్నవాడికి ఈ మాట తప్పదు, దీనికి సిద్ధపడే కొనాలి. వాన పడ్డ రోజు, పడని రోజు పేజీ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టి, పవర్ ఎలా పడిపోతోందో చూపిస్తే గానీ టెక్నీషియన్‌ని పంపలేదు. వచ్చినాయన మంచివాడు, ఇంటి బయట పెట్టెలో నీళ్ళు దిగి తుప్పు పట్టిన కనెక్టర్ చూపించి, మార్చేసి వెళ్ళిపోయాడు. మోడెమ్ ముట్టుకోలేదు.

రెండో తలనొప్పి బిల్లు. పాత గేట్‌వే తిరిగి ఇచ్చేశాక కూడా అద్దె లైను బిల్లులో అలాగే కూర్చుంది. చాట్‌లో అడిగితే "వచ్చే నెల పోతుంది", వచ్చే నెల అడిగితే మళ్ళీ అదే. అప్పటికే 2019లో పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్, చేసిన టెలివిజన్ వ్యూయర్ ప్రొటెక్షన్ చట్టం 2020 డిసెంబర్ 20 నుంచి అమల్లోకి వచ్చేసింది, కంపెనీ ఇవ్వని పరికరానికి, లేదా మనం తిరిగిచ్చేసిన పరికరానికి అద్దె వసూలు చెయ్యకూడదని అందులో నేరుగానే ఉంది. చట్టం పేరు చెప్తే చాట్‌లో అవతలి మనిషికి అర్థం కాలేదు, పాపం ఆయన్ని అని లాభమేముంది. ఎఫ్‌సీసీ సైట్‌లో కంప్లయింట్ పెట్టాను, పైసా ఖర్చు లేదు. దానికి కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈసారి ఫోన్ వాళ్ళే చేశారు, డబ్బు తిరిగొచ్చింది. గేట్‌వే అప్పగించిన రసీదు ఫోటో తీసి పెట్టుకోండి, అది లేకపోతే ఈ కథంతా వేరేలా ఉండేది.

అసలీ హక్కు ఎక్కడ మొదలైందో తెలుసా, మనవాళ్ళు ఇంతమంది ఉన్న డాలస్‌లో. అక్కడ థామస్ కార్టర్ అనే ఆయన రేడియో సెట్‌ని టెలిఫోన్‌తో కలిపే పరికరం తయారుచేశాడు. ఫోన్ రిసీవర్‌ని దాని మీద బోర్లిస్తే చాలు, తీగలు కలపక్కర్లేదు, శబ్దం ద్వారానే పని జరిగేది. 1959 నుంచి 1966 దాకా సుమారు 3,500 కార్టర్‌ఫోన్లు అమ్ముడయ్యాయి. తాము ఇవ్వని వస్తువేదీ తమ లైన్‌కి తగిలించకూడదన్నది అప్పటి టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ తన టారిఫ్‌లో (ధరలు, షరతుల పత్రంలో) రాసుకున్న నియమం, ఇంట్లో ఉన్న ఫోను కూడా కంపెనీదే. 1968 జూన్‌లో ఎఫ్‌సీసీ ఆ నియమం చెల్లదని తేల్చింది. అంతకు ముందు 1956లో ఫోన్ మాట్లాడే చోట తొడిగే ఒక మామూలు మూతకి కూడా కోర్టుదాకా వెళ్ళాల్సి వచ్చిందంటే ఆలోచించండి. కార్టర్‌ఫోన్ తీర్పు తర్వాత కూడా మధ్యలో "రక్షణ పరికరం" ఒకటి పెట్టాలని, దానికి నెలనెలా డబ్బు కట్టాలని కంపెనీ పట్టుబట్టింది. 1970లలో ఎఫ్‌సీసీ రిజిస్ట్రేషన్ పద్ధతి, గోడకి ప్లగ్ చేసే ప్రామాణిక జాక్ వచ్చాకే జనం బజారులో నచ్చిన ఫోను, ఆన్సరింగ్ మెషీను, తర్వాత మోడెమ్ కొనుక్కోగలిగారు. అద్దె పోయింది అనుకునేసరికి ఇంకో పేరుతో రావడం అప్పటి నుంచే ఉందన్నమాట.

ఇప్పుడు ఆ ఇంకో పేరు, నెలకి ఇంతే వాడాలన్న డేటా పరిమితి. మా కంపెనీ ప్లాన్లో అన్‌లిమిటెడ్ డేటాని వాళ్ళ గేట్‌వేతో కలిపి తీసుకుంటే ఒక ధర, సొంత మోడెమ్‌తో విడిగా తీసుకుంటే గేట్‌వే అద్దె మానేసి మిగిల్చుకున్నదంతా దాదాపు హరించుకుపోయే ధర. నలుగురు ఉన్న ఇంట్లో అందరూ 4కే లో సినిమాలు చూస్తారంటే ముందు ఈ లెక్క వేసుకోండి. మేం పరిమితి దాటం కాబట్టి మాకు సరిపోయింది.

ఇంకా కొన్ని మింగుడుపడనివి ఉన్నాయి. మోడెమ్ మనదే గానీ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) మన చేతిలో ఉండదు, కేబుల్ కంపెనీ తన లైన్ మీంచే పంపిస్తుంది, పంపకపోతే అంతే. స్పీడు కూడా వాళ్ళు పంపే కాన్ఫిగరేషన్ ఫైలు నిర్ణయిస్తుంది. మా ఏరియాలో అప్‌లోడ్ స్పీడు పెంచినప్పుడు ఆ స్పీడుకి కంపెనీ ఒప్పుకున్న మోడెమ్‌ల జాబితాలో నా మోడల్ లేదు, పక్కింట్లో కంపెనీ గేట్‌వేకి మాత్రం వచ్చేసింది. రోజూ వీడియోలు అప్‌లోడ్ చేసేవాళ్ళయితే కొనేముందు దీని గురించే అడగండి. ల్యాండ్‌లైన్ కావాలంటే ఫోన్ జాక్ ఉన్న మోడెమ్ ఉండాలి, దుకాణాల్లో దొరికేవాటిలో చాలావాటికి అది ఉండదు. పాతవి చవగ్గా వస్తున్నాయని ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్నవి కొనకండి, డేటా ఉండుండి ఆలస్యమయ్యే దాని సమస్య 2016లోనే బయటపడింది.

మా వీధిలోకి ఫైబర్ కూడా వచ్చింది. అక్కడ గోడ మీద పెట్టే ఆప్టికల్ డబ్బా నెట్‌వర్క్‌లో భాగం అంటారు, గేట్‌వే వాళ్ళదే తప్పనిసరి, దాని వెనకాల నా రౌటర్ పెట్టుకోనిస్తారట. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి చట్టమే మారి, గోడలోని సాకెట్ దగ్గరే కంపెనీ హద్దు ఆగిపోతుంది, ఆ తర్వాతదంతా వాడేవాడి ఇష్టం. ఇక్కడ అలా లేదు కాబట్టి ఫైబర్‌కి మారితే ఈ మోడెమ్ అమ్మేసుకోవాలి. ధర బాగుంటే మారతాను, రౌటర్ అయితే ఎలాగూ పనికొస్తుంది.