అడవి జంతువు అడ్డొస్తే బ్రేకు మేలా, స్టీరింగ్ తిప్పడం మేలా?

రాత్రిపూట జింకో అడవిపందో ఉన్నట్టుండి లైట్ల వెలుగులోకి దూకితే, ఆలోచన కంటే ముందు చేతులు స్టీరింగ్‌ను పక్కకు లాగేస్తాయి. ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా అదే. కారులో ఉన్నవారికి మేలైనది స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, ఉన్న దారిలోనే బ్రేకు గట్టిగా తొక్కడం.

ఎదురుగా గుద్దితే బంపరు, రేడియేటరు, బానెట్ నలుగుతూ దెబ్బను చాలావరకు తీసుకుంటాయి. సీటు బెల్టు, ముందరి ఎయిర్‌బ్యాగులు బాగా కాపాడేదీ ఈ దిశలో తగిలే దెబ్బ నుంచే. పక్కకు తిప్పితే ఒక చక్రం తారు అంచు దిగి కంకరలో పడుతుంది. కంగారులో వెనక్కి లాగుతాం. టైరుకు మళ్లీ తారు పట్టు దొరకగానే బండి అడ్డం తిరుగుతుంది, ఎత్తయినదైతే పల్టీ కొడుతుంది. లేదా చెట్టుకో, ఎదురొచ్చే లారీకో తగులుతుంది. పైగా బెదిరిన జింక వచ్చిన వైపుకే తిరిగి దూకవచ్చు. అప్పుడు తప్పించిన ఫలితమూ దక్కదు.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటే బ్రేకు పూర్తిగా తొక్కి అలాగే ఉంచాలి. కాలికింద పెడల్ అదిరితే భయపడి వదలకూడదు. ఏబీఎస్ లేని కారులో ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. జారడం మొదలైతే క్షణం సడలించి మళ్లీ తొక్కాలి.

తిప్పడమే మేలైన సందర్భం ఒకటుంది. ఒంటె, మూస్ (చలిదేశాల్లో ఉండే భారీ జింక జాతి) లాంటి పొడుగు కాళ్ల జంతువులను గుద్దితే బంపరు కాళ్లకే తగులుతుంది, వందల కిలోల శరీరం నేరుగా అద్దం మీదికి, పైకప్పు మీదికి వస్తుంది. అక్కడ ముందు బ్రేకుతో వేగం తగ్గించి, గుద్దక తప్పదనిపిస్తే దాని వెనక భాగం వైపు కొద్దిగా తిప్పాలి. అదీ ఆ పక్క ఖాళీగా కనిపిస్తేనే.

మోటార్ సైకిల్‌కు నలిగి కాపాడే ముందు భాగం లేదు కాబట్టి గుద్దకుండా ఉండటమే ముఖ్యం. అయినా బండి వంచి బ్రేకు వేస్తే టైరు జారుతుంది. నిటారుగా ఉంచి రెండు బ్రేకులూ కలిపి వేయాలి. బాగా నెమ్మదించాక ఖాళీ ఉంటే పక్కనుంచి పోవచ్చు.

బ్రేకు, స్టీరింగ్ రెండింటికంటే మేలైనది ముందే వేగం తగ్గించడం. స్పందనకు 1.5 సెకన్లు పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద 60 కి.మీ. వేగంతో వెళ్లే కారు సుమారు 45 మీటర్లలో ఆగుతుంది. 80తో వెళ్లేదానికి సుమారు 70 మీటర్లు కావాలి. 60 కారు ఆగిపోయే చోట 80 కారు ఇంకా 65 కి.మీ. వేగంతో దూసుకుపోతూ ఉంటుంది! లోబీమ్‌లో ముందున్న జంతువు చాలాసార్లు ఆ 70 మీటర్ల లోపే కనబడుతుంది. అందుకే ఎదురు బండి లేనప్పుడు హైబీమ్ వేయండి. రోడ్డు పక్కన కళ్లు మెరిస్తే అప్పుడే వేగం తగ్గించి, లైటు దించి, హారన్ కొట్టండి. అది దాటిపోయినా వెంటనే వేగం పెంచకండి. వెనక మంద ఉండవచ్చు.