గుర్రపు సైటులో గుర్రానికే చోటు లేదు

పార్కు పేరు రాయడం లేదు. అమెరికాలో మేముండే ఊరికి రెండు గంటల దూరంలో ఉన్న స్టేట్ పార్కు అది. గుర్రాలతో వచ్చేవాళ్ళకు విడిగా క్యాంపింగ్ సైట్లున్నాయి. కొన్నేళ్ళుగా మా ఆడగుర్రాన్ని ట్రైలర్ ఎక్కించుకుని అక్కడికే వెళ్తున్నాం. దారులు, బాత్రూములు, కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. నేను రాసేది బుకింగ్ రూలు గురించి. దాని మీద నాకు పీకలదాకా కోపం ఉంది.

గుర్రం మామూలు సైట్లలో ఉండకూడదు. గుర్రపు సైటును మాత్రం గుర్రం ఉన్నా లేకపోయినా ఎవరైనా బుక్ చేసుకోవచ్చు. అదీ రూలు.

మొదటి సగంతో నాకు పేచీ లేదు. రోజుకు సుమారు 15 కిలోల లద్దె వేసే జంతువును టెంట్ల మధ్య, పిల్లలు ఆడుకునే చోట ఎవరు కట్టేస్తారు? లద్దె ఎత్తడం, రాలిన గడ్డి ఊడ్చడం మా పనే, చేస్తున్నాం. గేటు దగ్గర 12 నెలల లోపు చేయించిన కాగిన్స్ పరీక్ష కాగితం, అంటే గుర్రానికి అంటు రక్తహీనత లేదని చెప్పే రక్తపరీక్ష కాగితం, చూపించమంటారు. జోరీగల వల్ల అంటుకునే ఆ జబ్బుకు ఇక్కడ టీకా లేదు, మందూ లేదు. కాబట్టి అడగాల్సిందే. నా గొడవంతా రెండో సగంతోనే.

కిందటి అక్టోబరులో ఒక శుక్రవారం, చీకటి పడే వేళకు చేరాం. అక్కడ రెండేసి సైట్లకు కలిపి ఒక ఇనప గొట్టాల దొడ్డి, మధ్యలో అడ్డకమ్మీ. పక్క సైటులో పెద్ద ఆర్‌వీ, అంటే లోపలే ఇల్లులా ఉండే బండి, ఉంది, గుర్రం లేదు. వాళ్ళ సగం దొడ్డిలో పిల్లల సైకిళ్ళు, మడత కుర్చీలు, ఐస్ పెట్టె. ఆయన నవ్వుతూనే పలకరించాడు. ఆర్‌వీకి కట్టిన పందిరి గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటుంటే మా గుర్రం చెవులు నిక్కించి దొడ్డిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఎనిమిదింటికి ఆయన వచ్చి, వాసన వస్తోంది, మేం భోజనం చేస్తున్నాం, దీన్ని ఇంకెక్కడైనా కట్టుకోండి అన్నాడు. గుర్రపు సైటులో! నేను కుదరదన్నాను. ఆయన రేంజర్‌ని, అంటే పార్కు ఉద్యోగిని, పిలిచాడు.

రేంజరమ్మాయి ఓపిగ్గా విని, ఇద్దరూ రూలు ప్రకారమే ఉన్నారంది. గొడవెందుకు, ఈ ఒక్క రాత్రికి అటు చెట్ల దగ్గర కట్టుకోండి అని నన్నే బతిమాలింది. ఇంకేం చేస్తాం? తలకు లైటు పెట్టుకుని, బెరడు కోసుకుపోకుండా రెండు చెట్లకు వెడల్పు పట్టీలు చుట్టి, గుర్రం తలకన్నా ఎత్తులో తాడు బిగించి కట్టాం. కుళాయి ఆ చివర్న ఉంది. బకెట్లు మోసి మోసి మా ఆయన నడుం పట్టేసింది. కొత్త చోటు కదా, అది తెల్లవార్లూ నేల దువ్వుతూనే ఉంది. పొద్దున్నే వచ్చిన ఇంకో రేంజరు, గిట్టలతో తవ్విన గుంత పూడ్చి వెళ్ళమన్నాడు.

ఆ దొడ్లు చూసే ఈ పార్కుకు వెళ్ళమని మా రైడింగ్ స్నేహితులకు గట్టిగా చెప్పింది నేనే. గొట్టాలు దిట్టమైనవి, వానకు నీళ్ళు నిలవవు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే వేసవిలో నీడ బొత్తిగా ఉండదు. పక్కనెవరు దిగుతారో తెలియనప్పుడు దొడ్డి ఎంత గట్టిదైతే ఏం లాభం?

సైట్లు ఖాళీగా ఉంటే పార్కుకు నష్టం కదా అంటారు. నిజమే. అలాంటప్పుడు వారం ముందు వరకు గుర్రాలున్నవాళ్ళకే ఉంచి, మిగిలినవి అందరికీ తెరవొచ్చు. గేటు దగ్గర అడిగే కాగిన్స్ కాగితమేదో బుకింగ్‌లోనే అడిగితే సరిపోతుంది. అసలు ఇలాంటి చోట్లే తక్కువ. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో గుర్రాలు తిరగగల దారులు సుమారు 550 మైళ్ళు, ట్రైలర్‌తో వెళ్ళి దిగే గుర్రపు క్యాంపులు ఐదే. ఆర్‌వీ ఆయనకు ఈ సైటు దొరక్కపోతే మామూలు సైట్లున్నాయి. మాకు ఇది దొరక్కపోతే ఇంటికే.

వారం మధ్యలో సెలవు పెట్టుకోగలిగి, మీ గుర్రం నిదానమైనదైతే వెళ్ళండి. మంగళ, బుధవారాల్లో ఎప్పుడు వెళ్ళినా మాకు పక్కన ఎవరూ లేరు. కొత్తగా ట్రైలరెక్కే కుర్ర గుర్రంతో శుక్రవారం సాయంత్రం అయితే మాత్రం నేను వెళ్ళమనను. మా ఆయన ఈసారి స్మోకీస్‌కే పోదామంటున్నారు. అంత దూరం ప్రయాణం మా ముసలి గుర్రానికి పడుతుందో లేదో ముందు పశువుల డాక్టర్ని అడగాలి.