హెచ్ఐవి లెక్క: ఆసుపత్రిలో తీస్తే మేలా, ఇంటింటికీ తిరిగితే మేలా?

2007 జులై దాకా మన దేశంలో హెచ్ఐవి ఉన్నవాళ్ళు 50 లక్షల పైమాటే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 52 లక్షలంటే, ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 57 లక్షలంది. ఆ నెలలో వచ్చిన కొత్త లెక్క సుమారు 25 లక్షలు. అంత మందికి జబ్బు నయమైపోలేదు. పాతవాళ్ళు దొంగ లెక్కలు రాసిందీ లేదు. ఎవరి రక్తం చూసి లెక్క కడుతున్నామన్నది మారిందంతే.

ఈ తేడా ముందుగా బయటపడిన చోట్లలో గుంటూరు జిల్లా ఒకటి. 2004-05లో పరిశోధకులు అక్కడి పల్లెల్లో, పట్టణాల్లో ఇంటింటికీ తిరిగి 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న 12 వేల మందికి పైగా రక్తం పరీక్షించారు. హెచ్ఐవి 1.7 శాతం దగ్గర తేలింది. ఆసుపత్రుల డేటాతో, అప్పటి అధికారిక పద్ధతిలో అదే జిల్లాకు కడితే ఇంచుమించు రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చింది.

ఆసుపత్రి పద్ధతి పేరు సెంటినల్ సర్వైలెన్స్. ఎంపిక చేసిన ఆసుపత్రిలో గర్భిణుల పరీక్షలకు వచ్చేవాళ్ళను వరసగా 400 మందిని తీసుకునేవారు. వేరే పరీక్ష కోసం ఎలాగూ తీసిన రక్తంలో మిగిలినదాన్ని, పేరు తీసేసి, హెచ్ఐవికి పరీక్షించేవారు. ఖర్చు తక్కువ, ఏటా చేయొచ్చు, ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. వినడానికి బాగానే ఉంది. చిక్కు ఆ 400 మంది ఎవరన్న దగ్గర వస్తుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆ ప్రాంతంలో గర్భిణుల్లో అసలు రేటు 1.5 శాతం అనుకుంటే, 400 మందిలో ఆరుగురు పాజిటివ్ రావాలి. ఈలోగా చుట్టుపక్కల ప్రైవేటు నర్సింగ్ హోముల్లో నలుగురికి పాజిటివ్ వచ్చిందనుకోండి. "మా దగ్గర కుదరదమ్మా, పెద్దాసుపత్రికి వెళ్ళు" అని చీటీ రాసి పంపేస్తారు. ఆ నలుగురూ వచ్చి ఈ వరసలోనే నిలబడతారు. ఆరు పది అవుతుంది, 1.5 శాతం 2.5 అవుతుంది. నలుగురి వల్ల జిల్లా మొత్తం చిత్రం మారిపోతుంది. గుంటూరు పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఈ రిఫరల్ ఒకటి. ప్రభుత్వాసుపత్రికి వచ్చేవాళ్ళలో పేదలు ఎక్కువన్నది ఇంకొకటి. వీటికి తోడు, సుఖవ్యాధుల క్లినిక్కుల్లో కనిపించిన ఎక్కువ రేటును ఆధారం చేసుకుని, ఆ సంఖ్యను కూడా అసలు లెక్కకు కలిపేవారు. క్లినిక్కు దాకా వచ్చేవాడు మామూలు మనిషికి ప్రతినిధి ఎలా అవుతాడో నాకైతే అర్థం కాదు.

ఇంకో సంగతి. 400 మందిలో ఆరుగురు అన్న అంకె అంత గట్టిదేమీ కాదు. అసలు రేటు మారకుండానే, కేవలం యాదృచ్ఛికంగా, ఒక ఏడాది ముగ్గురు, మరో ఏడాది తొమ్మిదిమంది రావడం మామూలే. కాబట్టి "ఫలానా ఆసుపత్రిలో కేసులు యాభై శాతం పెరిగాయి" అన్న వార్త కనిపిస్తే, ముందు ఎంతమందిలో ఎంతమందో చూడండి.

ఇక ఇంటింటి సర్వే. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి హెచ్ఐవి పరీక్ష చేర్చారు. లక్ష మందికి పైగా రక్తం ఇచ్చారు. దేశం మొత్తానికి 0.28 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 0.97 శాతం వచ్చింది. దీనికీ లోపాలున్నాయి. లారీ మీద ఉన్న డ్రైవరు ఇంట్లో దొరకడు. హాస్టళ్ళు, లాడ్జీలు సర్వేలోకి రావు. సెక్స్ వర్కర్ల సంఖ్య జనాభాలో తక్కువ కాబట్టి శాంపిల్లో సరిగ్గా పడరు. భయంతో వద్దనేవాళ్ళు సరేసరి.

ఈ ఆఖరి అభ్యంతరాన్నే అందరూ పెద్దది చేస్తారు. "పాజిటివ్ ఉన్నవాళ్ళే తప్పించుకుని ఉంటారు, అందుకే తక్కువొచ్చింది" అంటారు. లెక్క వేసి చూస్తే అది నిలబడదు. నూటికి 85 మంది రక్తం ఇచ్చారనీ, వాళ్ళలో రేటు 1.7 శాతమనీ అనుకుందాం. ఇవ్వనివాళ్ళలో రేటు దానికి రెట్టింపు అనుకున్నా మొత్తం 2 శాతం కూడా దాటదు. ఆసుపత్రి లెక్క చూపించిన నాలుగు శాతం దగ్గరికి చేరాలంటే, రక్తం ఇవ్వని ప్రతి ఆరుగురిలో ఒకరికి హెచ్ఐవి ఉండాలి. అది నమ్మే మాట కాదు.

అందుకే "ఎంతమందికి ఉంది?" అన్నది ప్రశ్న అయితే నా ఓటు ఇంటింటి సర్వేకే. కానీ "పెరుగుతోందా, తగ్గుతోందా?" అని అడిగితే ఓటు మారుస్తాను. కోట్లు ఖర్చయ్యే సర్వేను ఏటా చేయలేం. ఒకే ఆసుపత్రి, ఒకే పద్ధతి, ఏటా అంటే అంకె కొంచెం ఎక్కువ చూపించినా దిశ తెలుస్తుంది, ఆ ఎక్కువ చూపించడం ఏటా ఒకేలా ఉన్నంతవరకు. రిఫరల్ అలవాటు మారితే ఆ దిశ కూడా మోసం చేస్తుంది. 2007లో నిపుణులు చేసింది ఈ రెండింటినీ కలపడమే: అంకె ఎంతన్నది ఇంటింటి సర్వేతో సరిచేశారు, పోకడ ఆసుపత్రుల డేటా నుంచి తీసుకున్నారు, ప్రమాదం ఎక్కువున్న వర్గాలను విడిగా లెక్కించి చేర్చారు.

రక్తం సంగతి సరే, నివారణకు అసలు కావాల్సింది ప్రవర్తన. కండోమ్ వాడారా లేదా అన్నది రక్తంలో కనిపించదు, అడగాల్సిందే. ఇక్కడా రెండు దారులున్నాయి. ఎదురుగా కూర్చుని అడిగితే, కండోమ్‌లు పంచిపెట్టిన ఎన్జీవో మనిషి ముందు "వాడలేదు" అనడానికి నోరు రాదు. కర్ణాటకలో బాగా వాడిన పోలింగ్ బూత్ పద్ధతిలో అయితే పదిమందిని ఒకచోట కూర్చోబెడతారు, మధ్యలో అట్టల అడ్డం. నడిపేవాళ్ళు ప్రశ్న చదువుతారు. ఒక్కొక్కరూ ఆ ప్రశ్న నెంబరున్న కార్డును అవును, కాదు పెట్టెల్లో ఒకదాంట్లో వేస్తారు. ఎవరు ఏం వేశారో ఎవరికీ తెలియదు. ఎదురుగా ఒప్పుకోని విషయాలు ఇందులో ఎక్కువగా బయటపడ్డాయి.

దానికి ఇచ్చుకునే మూల్యం మోడల్ (డేటా నుంచి అంచనాలు తీసే లెక్కల నమూనా) కట్టేవాళ్ళకే తెలుస్తుంది. కార్డులన్నీ కలిసిపోతాయి కాబట్టి, కండోమ్ వాడనివాళ్ళు చిన్న వయసువాళ్ళా, కొత్తగా సెక్స్ వర్క్‌లోకి వచ్చినవాళ్ళా అన్నది తేల్చలేం. రిగ్రెషన్ (ఏది దేనితో ముడిపడి ఉందో తేల్చే లెక్క) చేయాలంటే ఒకే మనిషి జవాబులన్నీ ఒకే వరసలో కావాలి. ఎదురుగా అడిగితే ఆ వరస దొరుకుతుంది, జవాబులో నిజమెంతో మాత్రం అనుమానమే. నన్నడిగితే, పెద్ద శాంపిల్‌ను ఎదురుగానే అడిగి, అదే చోట కొందరితో పోలింగ్ బూత్ కూడా నడిపించాలి. రెండింటి తేడాని బట్టి ఆ ఊళ్ళో ఎదురుగా చెప్పే జవాబులను ఎంతవరకు నమ్మొచ్చో అంచనా దొరుకుతుంది. ఆ అంచనా లేకుండా "కండోమ్ వాడకం 90 శాతం" అని రిపోర్టు రాసి, దాన్ని మోడల్లో పెట్టి, ఇన్ని వేల ఇన్ఫెక్షన్లు ఆపాం అని చూపిస్తే నేను నమ్మను.