ఆడీ టీటీకి రెండు సెట్ల అల్లాయ్ వీల్స్: డెల్టా రోడ్ల మీద నాలుగేళ్ల అనుభవం

నా దగ్గరున్నది 2015 నాటి మూడో తరం ఆడీ టీటీ. సెకండ్ హ్యాండ్‌లో కొని, భీమవరం కేంద్రంగా నాలుగేళ్లలో సుమారు 41,000 కిలోమీటర్లు నడిపాను. కొన్ననాటికే కంపెనీ చక్రాల్లో రెండు వంగి ఉన్నాయి కనుక వాటిని మార్చక తప్పలేదు. అయితే 18 అంగుళాల చక్రాల స్థానంలో 19 అంగుళాలవి ఎంచుకోవడానికి మాత్రం అందం తప్ప మరో కారణం లేదు. ఆ మొదటి సెట్టును ఏడాదిన్నరకే తీసేశాను. ఇప్పుడు కారుకు ఉన్నది రెండో సెట్టు, మళ్లీ 18 అంగుళాలదే. రెండింటి గురించీ రాస్తున్నాను గానీ, మొదటి సెట్టు విషయంలో నేను చేసిన తప్పులే ఇక్కడ ఎక్కువ చోటు తీసుకుంటాయి. కొత్తగా కొనేవారికి అవే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

ఈ కారు చక్రానికి అయిదు బోల్టులు ఉంటాయి. వాటి కేంద్రాల గుండా గీసిన వలయం వ్యాసం 112 మిల్లీమీటర్లు. నేను కొన్న 19 అంగుళాల వీల్స్‌కూ సరిగ్గా అదే కొలత ఉంది. "హోళ్లు కలిశాయి కదండీ, ఇంక బిగించేయడమే" అని షాపులో అన్నారు, నేనూ సరేనన్నాను. కానీ చక్రం మధ్యలో ఉండే పెద్ద రంధ్రాన్ని నేనూ కొలవలేదు, వారూ కొలవలేదు. టీటీ హబ్ (చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే ఇరుసు ముందు భాగం) వ్యాసం 57.1 మిల్లీమీటర్లయితే ఆ వీల్స్ రంధ్రం 66.6 మిల్లీమీటర్లు. అంటే హబ్ చుట్టూ దాదాపు అయిదు మిల్లీమీటర్ల ఖాళీ మిగిలి, చక్రాన్ని మధ్యకు తెచ్చే పని మొత్తం బోల్టుల మీదే పడింది.

ఆ బోల్టులు కూడా సరైనవి కావు. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్ల కంపెనీ బోల్టు తల కింది భాగం గోళాకారంగా ఉంటుంది, బయట దొరికే వీల్స్‌లో చాలావాటికి 60 డిగ్రీల శంక్వాకారపు (గరాటు లాంటి) గుంట ఉంటుంది. గోళాకారపు తలను శంక్వాకారపు గుంటలో పెట్టి బిగిస్తే రెండూ ఒక సన్నని గీత వెంట మాత్రమే తాకుతాయి. బిగించినప్పుడు గట్టిగానే అనిపించినా, అల్లాయ్ నెమ్మదిగా నలిగిపోయి పట్టు సడలుతుంది. నా కారులో సరిగ్గా ఇదే జరిగింది. స్టీరింగ్ మొదటి రోజు నుంచే 85 కిలోమీటర్ల వేగం దాటితే వాబ్లింగ్ చేసేది, అంటే అటూ ఇటూ అదిరేది. మూడు షాపుల్లో బ్యాలెన్సింగ్, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను, టైర్లను కూడా అనుమానించాను. ఒకరోజు పాలకొల్లు మీదుగా అమలాపురం వెళ్తూ చించినాడ వంతెన జాయింట్ల మీద ముందు ఎడమవైపు నుంచి టకటకమనే శబ్దం విని, వంతెన దాటాక ఆపి చూస్తే రెండు బోల్టులు చేతితోనే కదిలాయి. కింద వశిష్ఠ గోదావరి, కారులో నా పక్కన మా అమ్మాయి. ఆ రోజు ఇంటికి ట్రక్కు మీద తెచ్చుకున్నాను, అప్పటి నుంచి ఈ విషయంలో ఎవరి మాటా కొలవకుండా నమ్మడం మానేశాను.

ఆ తర్వాత విజయవాడలో ఒక మెకానిక్ గారు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూపించారు. 66.6 నుంచి 57.1కి తగ్గించే హబ్ రింగులు, శంక్వాకారపు తల ఉన్న ఎం14 (14 మిల్లీమీటర్ల మర) బోల్టులు, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానా) సరైన బిగింపు, అంతే: వాబ్లింగ్ పూర్తిగా పోయింది. టార్క్ రెంచ్‌ను 120 న్యూటన్ మీటర్లకు పెట్టి బిగించాలి. ఎయిర్ గన్‌తో కొట్టి వదిలేసే అలవాటు మన టైర్ల షాపుల్లో బాగా ఉంది, చేతి రెంచ్‌తో బిగించమని నిలబడి అడగాలి. వంద కిలోమీటర్ల లోపు మరోసారి చూసుకోవాలి. బోల్టు పొడవు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి, చక్రం పెట్టి చేత్తో తిప్పినప్పుడు ఎన్ని చుట్లు ఎక్కుతుందో లెక్కపెట్టడమే సులువైన పద్ధతి. ఈ మర బోల్టుకు ఏడున్నర చుట్లకు తగ్గకూడదు.

హబ్ రింగుల్లో మొదట అల్యూమినియంవి తీసుకున్నాను, డెల్టాలో అది పొరపాటు. రొయ్యల లారీల నుంచి కారే నీటితో మన రోడ్లు ఏడాది పొడవునా ఉప్పగా తడిసే ఉంటాయి. ఆ ఉప్పు తడికి ఉక్కు హబ్, అల్యూమినియం రింగు ఒకదానికొకటి పట్టేసి, ఎనిమిది నెలల తర్వాత చక్రం ఊడలేదు, చెక్క దిమ్మ పెట్టి సుత్తితో కొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ రింగులు వాడుతున్నాను. హబ్ ముఖం మీద తుప్పు గీకి, బోల్టు మరలకు అంటకుండా పల్చగా గ్రీజు రాస్తున్నాను.

ఆఫ్‌సెట్ సంగతి కూడా చెప్పాలి. చక్రం వెడల్పు మధ్య గీతకూ, హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరమే అది, మిల్లీమీటర్లలో చెబుతారు; అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. కంపెనీ చక్రం 9 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 52. నేను కొన్నది 9.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35. వెడల్పులో పెరిగిన సగం 6.35, ఆఫ్‌సెట్‌లో తగ్గిన 17 కలిపితే చక్రం అంచు 23 మిల్లీమీటర్లకు పైగా బయటికి వచ్చింది. ఈ కూడిక కాగితం మీద రెండు నిమిషాల పని, నేను చేయలేదు. డిక్కీలో బరువు ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ దిగితే వెనుక టైరు భుజం మడ్‌గార్డు అంచుకు రాసుకునేది. ఆ అంచును మడతపెడదామని సలహా ఇచ్చారు గానీ ఒప్పుకోలేదు. చక్రం తప్పయితే బాడీని కొట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

చివరికి మొదటి సెట్టుకు కాలం చెల్లింది దాళ్వా (రెండో పంట వరి) కోతల్లో. 245/40 ఆర్18 టైరు (వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు) పక్క గోడ ఎత్తు 98 మిల్లీమీటర్లు, 245/35 ఆర్19కి మారితే అది దాదాపు 86. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన రైతులు వాహనాలు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతారు, ధాన్యం ఎత్తాక ఒక్కోసారి రాయి మిగిలిపోతుంది. వీరవాసరం దాటాక రాత్రిపూట అలాంటి రాయి ఎక్కి ముందు రిమ్ము లోపలి అంచు వంగింది. వేడిచేసి బెండు తీయించాను. రెండు నెలలకు రిమ్ము పుల్ల (స్పోక్) వెనుక వెంట్రుకంత బీట కనిపించింది. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందని చెప్పినవారు ఉన్నారు, కానీ బీట పడిన రిమ్మును అతికించి రోడ్డెక్కడం నేను ఎవరికీ సూచించను.

రెండో సెట్టు 18 అంగుళాలు, 8.5 వెడల్పు, ఆఫ్‌సెట్ 45, ఫ్లో ఫార్మింగ్ పద్ధతిలో (రిమ్మును వేడిచేసి తిప్పుతూ రోలర్లతో ఒత్తి సాగదీసి) చేసినవి. ఈసారి కూడిక వేసుకునే కొన్నాను: అంచు బయటికి జరిగింది ఒక మిల్లీమీటరు కూడా లేదు. రొయ్యల కాటా మీద తూచితే 19 అంగుళాల రిమ్ము 13.6 కిలోలు, ఇది 9.2 కిలోలు. ఆ తేడా గతుకుల మీద మొదటి మలుపులోనే తెలిసింది. చక్రం గుంటలో దిగి లేవడం తేలికైంది, స్టీరింగ్ లాగడం ఆగింది. రెండున్నరేళ్లలో ఒక్క రిమ్మూ వంగలేదు. యంత్రంతో కోసి తళతళలాడేలా చేసిన (డైమండ్ కట్) ముఖం కాకుండా మామూలు వెండి రంగు తీసుకోవడం కూడా కలిసొచ్చింది. పాత సెట్టు పారదర్శక పైపూత (లాకర్) కింద ఉప్పు గాలికి పాకిన తెల్లని పురుగుల్లాంటి గీతలు వీటికి రాలేదు. ఒక్క ఇబ్బంది ఉంది: వానాకాలం కాలువ గట్ల మీద తిరిగితే లోపలి గోడకు ఒండ్రు పట్టి ఆరిపోయి, వాబ్లింగ్ మళ్లీ వచ్చిందేమో అనిపిస్తుంది. బ్యాలెన్సింగ్‌కు పరుగెత్తేముందు నీళ్లు కొట్టి కడిగితే చాలు.

చక్రాలు మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాను, అది మరవకూడదు. మరొకటి: డిక్కీలోని స్టెప్నీ కంపెనీదే, దాని గుంట గోళాకారపుది, కొత్త శంక్వాకారపు బోల్టులు దానికి పనికిరావు. అందుకే అయిదు పాత బోల్టులను గుడ్డలో చుట్టి జాకీ పక్కనే ఉంచుకున్నాను, ఎవరైనా కారు అడిగితే తాళంతో పాటు ఆ మూట కూడా చూపించే ఇస్తాను.