డయల్ బైండింగ్ స్నోషూలు: నాలుగు చలికాలాలు వాడాక

స్నోషూలంటే మెత్తటి మంచులో కూరుకుపోకుండా బూటు కింద తగిలించుకునే వెడల్పాటి చట్రాలు. నావి డయల్ తిప్పి బూటుకి బిగించుకునే రకం. వీటి గురించి మొదటి ఏడాది ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ణి: "డయల్ ఉన్నవే కొనండి, ఇంకేమీ చూడక్కర్లేదు." నాలుగు చలికాలాలు గడిచాక ఆ మాటలో సగం వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. నా మాట విని కొన్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫ్రేమ్ దేనితో చేశారు, కింద ఇనుప పళ్లు ఎన్ని వరసలు లాంటివన్నీ కొనేటప్పుడు ఎవరైనా చూసుకుంటారు. బైండింగ్‌ని, అంటే బూటును స్నోషూకి పట్టి ఉంచే భాగాన్ని, ఇంట్లో కార్పెట్ మీద ఒకసారి పెట్టుకుని బాగానే ఉందనుకుంటాం. మంచులోకి వెళ్లాక రోజంతా మనకు పని దానితోనే.

నేను డయల్ ఎంచుకోవడానికి కారణం నా వేళ్లు. గ్లవ్స్ తీసిన రెండు నిమిషాలకే కొసలు తెల్లబడి మొద్దుబారిపోతాయి. తిరిగి వేడెక్కేటప్పుడు వచ్చే సలుపు పడ్డవాళ్లకే తెలుస్తుంది. అంతకుముందు అరువు తెచ్చుకున్న జతకి స్ట్రాప్‌లు, అంటే బెల్టులా రంధ్రాల్లో మేకు ఎక్కించి బిగించే పట్టీలు, ఉండేవి. ఆ చిన్న మేకును రంధ్రంలోకి ఎక్కించాలంటే నాకు ప్రతిసారీ గ్లవ్స్ తీయాల్సి వచ్చేది. డయల్‌తో ఆ బాధ పోయింది. సన్నటి ఉక్కు తీగ పాదం మీద అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది. గుండ్రటి బిళ్లను నొక్కి తిప్పితే టిక్ టిక్ మంటూ తీగ బిగుస్తుంది, పైకి లాగితే మొత్తం ఒకేసారి వదులవుతుంది. ఎంత మందం గ్లవ్స్ ఉన్నా ఫర్వాలేదు. పైగా బిగువు ఒకే చోట నొక్కకుండా పాదమంతా సర్దుకుంటుంది. రెండు చలికాలాలపాటు నేను దాన్ని మెచ్చుకోని రోజు లేదు.

మూడో ఏడాది ఫిబ్రవరిలో నేనూ మా బావమరిదీ రోజంతా నడిచే దారికి వెళ్లాం. పొద్దున బయల్దేరేటప్పుడు మైనస్ 12 డిగ్రీలు. దారిలో ఒక చిన్న వాగు ఉంది. దాని మీద మంచు వంతెనలా పేరుకుని ఉంటే, వెళ్లేటప్పుడు ఒకరి తర్వాత ఒకరం దాటేశాం. తిరిగి వచ్చేటప్పుడు అదే చోట నా కుడికాలి కింద కుంగిపోయింది. పిక్క సగం దాకా నీళ్లు. నన్ను పైకి లాగబోయి తనూ ఎడమకాలు తడుపుకున్నాడు. గట్టుకెక్కి, కాళ్లు నాలుగుసార్లు నేలకేసి కొట్టి, చీకటి పడకముందే చేరాలన్న తొందరలో నడక మొదలుపెట్టాం. అప్పుడే ఆగి చూసుకోవాల్సింది.

పావుగంటకి కుడికాలి వేళ్లు తెలియడం మానేశాయి. బూటు పైనుంచి నీళ్లు లోపలికి దిగాయన్నమాట. బ్యాగులో పొడి సాక్సులు ఉన్నాయి, మార్చుకుంటే సరిపోతుందని బ్యాగు మీదే కూర్చుని డయల్ పైకి లాగాను. రాలేదు. బిళ్ల చుట్టూ, తీగ దూరే గొట్టాల్లో, నీరు గాజులా గడ్డకట్టి ఉంది. అటు తిప్పితే తిరగదు, ఇటు లాగితే లేవదు. నడకకి ఊతంగా పట్టుకునే కర్ర (పోల్) పిడితో చిన్నగా కొట్టి చూశాను. ప్లాస్టిక్ పగిలితే స్నోషూ మొత్తానికే పనికిరాకుండా పోతుందని భయపడి మానేశాను. కారు ఇంకా 4 కిలోమీటర్ల దూరంలో ఉంది. స్నోషూ లేకుండా అడుగేస్తే తొడ దాకా కూరుకుపోయే మంచు అది.

అప్పుడు మా బావమరిది తన స్ట్రాప్‌తో చేసింది చూశాను. అతనివి పాతవి, రబ్బరులా సాగే స్ట్రాప్‌ల రకం. వాటి మీదా అంతే మంచు గడ్డకట్టింది. పట్టీని రెండుసార్లు అటూ ఇటూ వంచాడు, మంచు పెచ్చులు పెచ్చులుగా ఊడి రాలిపోయింది, మేకు తప్పించి కాలు బయటికి తీసేశాడు. మొత్తం అర నిమిషం. వంగే వస్తువు మీద మంచు నిలవదు, సందులున్న వస్తువులో మంచు దాక్కుంటుంది. ఇంత మామూలు విషయం రెండేళ్లు నాకు తట్టలేదు.

"బావా, దాన్ని వదిలేయ్, ముందు కాలి సంగతి చూడు" అన్నాడు. బూటును బైండింగ్‌లోనే ఉంచి, పైలేసులు విప్పి, కాలు ఒక్కటీ బయటికి లాగమన్నది అతని ఆలోచనే. మంచు దూరకుండా బూటు మీంచి పిక్కకి చుట్టుకునే గైటర్ తీసి, లేసుల మీది మంచు గోళ్లతో గీకి, బూటు నాలుక బయటికి లాగితే గానీ మడమ కదల్లేదు. పాదం బయటికొచ్చేసరికి వేళ్లు మైనంలా ఉన్నాయి. అతను ఏమీ మాట్లాడకుండా నా పాదాన్ని తన జాకెట్ లోపల పొట్టకి ఆనించుకుని కూర్చున్నాడు. పది నిమిషాలకి సలుపు మొదలైంది. ఆ నొప్పి వచ్చినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. పొడి సాక్సు వేసుకుని, దాని మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, కాలు మళ్లీ అదే బూటులోకి దూర్చి నడిచాను. కారు దగ్గర, ఫ్లాస్కులో మిగిలిన గోరువెచ్చటి నీళ్లు డయల్ మీద పోసి వెంటనే లాగితే మూడోసారికి టక్ మని లేచింది. ఆలస్యం చేస్తే ఆ పోసిన నీళ్లే మళ్లీ గడ్డకడతాయి.

న్యాయంగా చెప్పాలంటే ఆ 4 కిలోమీటర్లూ బైండింగ్ ఒక్క పిసరు వదులు కాలేదు. తీగ తెగలేదు, డయల్ పగల్లేదు. నడవడానికి అది బ్రహ్మాండంగా పనిచేసింది. కాలు బయటికి తీయాల్సిన ఒక్క క్షణంలోనే మాట వినలేదు. కానీ చలిలో తడిసిన కాలికి కావాల్సింది ఆ ఒక్క క్షణమే.

ఆ తర్వాత నా అలవాట్లు మారాయి. తడిస్తే ఎంత తొందరలో ఉన్నా అక్కడే ఆగి డయల్ రెండుసార్లు లేపి, తిప్పి, నీరు దులిపేస్తాను. ప్రతి గంటకీ ఒకసారి ఊరికే వదులు చేసి మళ్లీ బిగిస్తాను. రాత్రి వాటిని కారులో వదలను, ఇంట్లో ఆరబెడతాను. బ్యాగులో ఒక పొడవాటి రబ్బరు స్ట్రాప్ ఉంటుంది. తీగ తెగినా బూటును ఎలాగోలా కట్టేసుకుని ఇంటికి చేరవచ్చు.

సైజు గురించి కూడా ఒక మాట. బ్యాగుతో కలిపి నా బరువు 92 కిలోలని 30 అంగుళాలవి తీసుకున్నాను. ఎవరూ నడవని మెత్తటి మంచులో అవి సరైనవే. కానీ నేను వెళ్లే రోజుల్లో ఎక్కువభాగం అప్పటికే తొక్కిన దారులే. అక్కడ ఆ పొడవు చెట్ల మధ్య మలుపుల్లో అడ్డం పడుతుంది, ఒక స్నోషూ మీద ఇంకోటి తొక్కి రెండుసార్లు పడ్డాను కూడా. ఇప్పుడు కొంటే 25 అంగుళాలవి, వెనక పొడవు పెంచే అదనపు తోక తగిలించుకునే వీలున్నవి తీసుకుంటాను. కొత్త మంచు పడ్డ రోజున తోక, మిగతా రోజుల్లో లేకుండా. తడి మంచులో పళ్ల కింద ముద్దలు కట్టడం వీటికీ ఉంది. సిలికాన్ స్ప్రే కొడితే కొంతసేపు ఆగుతుంది, అంతే.

మడమ కింద లేపి పెట్టుకునే కడ్డీని మాత్రం ఈ రోజుకీ మెచ్చుకుంటాను. నిటారు ఎక్కుడులో దాన్ని లేపితే మడమ మెట్టు మీద ఆనినట్టుంటుంది, పిక్కలు లాగవు. పోల్ కొసతో లేపవచ్చు, వంగక్కర్లేదు. దిగేటప్పుడు దించడం మరిచిపోకూడదు, లేకపోతే ఒళ్లు ముందుకు తోసుకుపోతుంది.

ఇక కొనాలా వద్దా అంటే, నాలా వేళ్లు చలికి ఆగనివాళ్లు, నీళ్లు తగలని దారుల్లో పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసేవాళ్లు డయల్ తీసుకుంటే సుఖపడతారు. దారిలో వాగులుంటే, రాత్రి బయట ఉండాల్సి వస్తే, పిల్లల్ని వెంట తీసుకెళ్తే, స్ట్రాప్‌లే నయమని ఇప్పుడు అంటాను. స్ట్రాప్‌కీ దాని బాధలు దానికున్నాయి. మొదటి పది నిమిషాల్లో కాస్త వదులవుతుంది, ఆగి బిగించుకోవాలి. చేతులు బాగున్నవాళ్లకి అదో లెక్క కాదు, నాకు లెక్కే. పోయిన ఏడాది మా ఆవిడకి కొన్నప్పుడు స్ట్రాప్‌ల జతే తీసుకున్నాను. వాగు దాటాల్సిన రోజున ఆమె రానంటే అవి అడిగి నేనే పెట్టుకెళ్తున్నాను. నావి మాత్రం పారేయలేదు. కుడికాలి డయల్ ఆ రోజు నుంచీ ఒక్క లాగుకి లేవడం లేదు, రెండోసారి కాస్త పక్కకి వంచి లాగాలి.