నైట్ డ్యూటీలో ఏది మేలు: హెడ్ టు టో పరీక్షా, ఫోకస్డ్ అసెస్‌మెంటా, న్యూస్ స్కోరా?

హ్యాండోవర్ అయిపోయి పగటి సిస్టర్లు వెళ్లిపోయాక నైట్ స్టాఫ్ నర్సు ముందున్న మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి, అక్కడ ఎంతసేపు నిలబడాలి? కాలేజీలో తల నుంచి పాదం దాకా చూడమని నేర్పారు. సీనియర్లేమో ‘కంప్లైంట్ ఏంటో అది చూడు చాలు’ అంటారు. ఇదే ఫోకస్డ్ అసెస్‌మెంట్. కొన్ని కార్పొరేట్ ఆసుపత్రుల్లో వైటల్స్ (పల్స్, బీపీ, శ్వాస లాంటివి) రాసి న్యూస్ స్కోరు, అంటే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోరు, వేయమంటారు. మూడూ సరైనవే, కానీ ఒక్కోటి ఒక్కోచోట మోసం చేస్తుంది.

హెడ్ టు టో సంగతి త్వరగా తేల్చేద్దాం. పద్ధతిగా చేస్తే ఒక్కో పేషెంటుకు పావుగంట పైనే పడుతుంది. నిండిన జనరల్ వార్డులో రాత్రిపూట అందరికీ చేయడం జరిగే పని కాదు, చేశామని రాసేవాళ్లే ఎక్కువ. అయినా కొత్త అడ్మిషన్‌కు దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఎవరూ అడగని చోట కూడా ఇది చూస్తుంది. పక్కకు తిప్పితే తప్ప కనపడని బెడ్‌సోర్, సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టిన చోట ఎరుపు, ఒక్క కాలి పిక్కలోనే వాపు, ఇవన్నీ దీనికే దొరుకుతాయి. పొలం పక్క ఊళ్ల నుంచి తెల్లవారుజామున ‘కడుపునొప్పి’ అంటూ వచ్చే మనిషినే తీసుకోండి. నేల మీద పడుకున్నాడు, కాటు గుర్తు లేదు, వైటల్స్ అన్నీ బాగున్నాయి. కడుపు మాత్రమే చూస్తే గ్యాస్ అనుకుంటాం. తల దగ్గర మొదలుపెట్టిన నర్సుకు రెప్పలు బరువుగా వాలుతున్నాయని తెలుస్తుంది. పైకి చూస్తూ ఉండమంటే ఉండలేడు, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే మధ్యలోనే ఆగిపోతాడు. కట్లపాము కాటు తరచూ ఇలాగే వస్తుంది. ఊపిరి తీసే కండరాలు పడిపోయేదాకా స్కోరు సున్నా దగ్గరే ఉండొచ్చు.

ఇక స్కోరు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ తెచ్చింది, 2017లో దాన్ని సవరించి న్యూస్2 చేసింది. శ్వాస, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ పెట్టామా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్: ఒక్కోటి మామూలుకు ఎంత దూరమైతే అన్ని ఎక్కువ మార్కులు వేసి కూడాలి. మొత్తం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్ వెంటనే చూడాలి, 7 గానీ ఆపైన గానీ ఉంటే ఎమర్జెన్సీ. 16 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇది పనికిరాదు, వాళ్ల చార్టులు వేరు.

దీని బలం తెలియాలంటే ఆపరేషన్ అయిన రెండో రోజు పేషెంటును చూడాలి. అపెండిక్స్ పగిలి సర్జరీ అయింది. శ్వాస 22, సాచురేషన్ 95, పల్స్ 104, పై బీపీ 108, టెంపరేచర్ 100.8. విడివిడిగా ఏ అంకె చూసినా ‘పర్లేదులే, నొప్పికి అలా ఉంటుంది’ అనిపిస్తుంది. కూడితే శ్వాసకు 2, మిగతా నాలుగింటికి ఒక్కోటి, మొత్తం 6. ఇన్ఫెక్షన్ ముదురుతోందేమో వెంటనే చూడాల్సిన మనిషి. మన కళ్లు సర్దిచెప్పుకునే చోట కూడిక సర్దిచెప్పుకోదు.

కానీ ఆ కూడికలో అతి విలువైన అంకె శ్వాస, మనం అతి తక్కువగా లెక్కపెట్టేదీ శ్వాసే. చాలా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టుల్లో ఆ వరస 20, 20, 20 అని సాగిపోతుంది, వార్డంతా కలిసి తాళం వేసి ఊపిరి పీల్చినట్టు. పై పేషెంటుకు కూడా 20 అని రాస్తే స్కోరు 4 అవుతుంది, ఫోన్ చేయాల్సిన గీత దాటదు. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే, చెప్పకుండా ఛాతీ వైపు చూసి నిమిషం నిండా లెక్కపెట్టాలి. చెబితే ఊపిరి మారిపోతుంది.

స్కోరు పూర్తిగా బోల్తా పడేది డెంగీలో. పెద్దవాళ్ల వార్డు, జ్వరం వచ్చి నాలుగో రోజు. టెంపరేచర్ 102.6, పల్స్ 112, పై బీపీ 118, శ్వాస 20, సాచురేషన్ 98. స్కోరు 4. మర్నాటి రాత్రి టెంపరేచర్ 98.2, పల్స్ 108, బీపీ 110/90, మిగతావి అలాగే. స్కోరు 2కు దిగింది. ‘సిస్టర్, జ్వరం పూర్తిగా పోయింది, రేపు ఇంటికి పంపిస్తారా?’ అని పక్కనున్నవాళ్లు సంతోషంగా అడుగుతారు. చార్టు ప్రకారం మళ్లీ నాలుగు నుంచి ఆరు గంటల్లో చూస్తే చాలు.

ఇప్పుడు 110లోంచి 90 తీసేయండి, 20. పై బీపీకి, కింది బీపీకి మధ్య ఉన్న ఈ తేడానే పల్స్ ప్రెషర్ అంటారు. పెరిగిన స్కోరు ఏమీ లేదు, తగ్గిన ఈ తేడాయే షాక్ మొదలైందన్న సంకేతం. డెంగీలో ప్రమాదం జ్వరం ఉన్నప్పటి కంటే జ్వరం దిగే సమయంలోనే ఎక్కువ. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారుతుంటే ఒళ్లు నాళాలను బిగించి పై బీపీని నిలబెడుతుంది, కింది బీపీ పైకి జరుగుతుంది. న్యూస్2కు కింది బీపీ అక్కరలేదు కాబట్టి ఆ సంగతే దానికి తెలియదు. పైగా జ్వరం తగ్గినందుకు మార్కులు తీసేసి కబురు మంచిదని చెబుతుంది.

ఇక్కడ పనికొచ్చేది ఫోకస్డ్ అసెస్‌మెంట్. ‘ఈ పేషెంటుకు ఈ రాత్రి ఏం జరుగుతుందని నా భయం?’ అన్న ప్రశ్నతో మంచం దగ్గరికి వెళ్లడం. పాదాలు తాకితే చల్లగా ఉన్నాయా? గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగొచ్చిందా? కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఉన్నాయా? సాయంత్రం నుంచి యూరిన్ ఎంత పోశారు? హెచ్‌సీటీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ పరీక్ష) పెరిగిందా? అయిదు నిమిషాల పని. అమెరికా వెళ్లేవాళ్లు రాసే నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ నుంచి పరీక్షిస్తున్నది కూడా సరిగ్గా ఈ నైపుణ్యాన్నే: ఏ లక్షణం ముఖ్యమో గుర్తుపట్టి, దాన్నుంచి ఏం అనుమానించాలో, ఏది ముందు చేయాలో తేల్చడం.

దీని బలహీనత ఏమిటంటే, భయం తప్పు దిశలో పడితే చూపూ అటే పోతుంది. డయాగ్నసిస్ ‘గ్యాస్ట్రైటిస్’ అని రాసి ఉంటే కడుపే నొక్కుతాం, ఈసీజీ గుర్తుకు రాదు. షుగర్ ఉన్న పెద్దావిడకు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా వాంతిగా, ఆయాసంగా కూడా రావచ్చు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను ఫోకస్డ్‌కే ఓటు వేస్తాను. వార్డులో చేరి ఏడాది నిండనివాళ్లకు మాత్రం స్కోరే మేలు. వాళ్లకు ఏది చూసి భయపడాలో ఇంకా తెలియదు, పైగా అర్ధరాత్రి పీజీ డాక్టర్‌ను నిద్రలేపడానికి అంకె ఇచ్చే ధైర్యం ‘ఏదో తేడాగా ఉంది సార్’ అన్న మాట ఇవ్వదు. హెడ్ టు టో అడ్మిషన్ రోజుకు, ఐసీయూ నుంచి వార్డుకు మారిన రోజుకు దాచుకోవచ్చు. స్కోరును రౌండ్ వరస నిర్ణయించడానికి వాడి, ఆ వరసలో డెంగీ ఐదో రోజు వాళ్లను స్కోరుతో పని లేకుండా ముందుకు జరపాలి.

అప్పుడు డ్యూటీ డాక్టర్‌కు వెళ్లే ఫోన్ కూడా మారుతుంది. ‘డెంగీ కేసు, ఫీవర్ లేదు, స్టేబుల్’ అని కాకుండా: ‘సార్, డెంగీ ఐదో రోజు, జ్వరం తగ్గి ఆరు గంటలైంది, బీపీ 110/90, పల్స్ ప్రెషర్ 20, పాదాలు చల్లగా ఉన్నాయి, సాయంత్రం నుంచి యూరిన్ తక్కువ. హెచ్‌సీటీకి శాంపిల్ తీస్తున్నాను, ఫ్లూయిడ్ ఎంత పెట్టాలో మీరు వచ్చి చూసి చెప్పండి.’